అమ్మ ఆకలికి కుర్చీ

ఉదయం ఏడున్నరకి భోజనాల బండి లిఫ్టులోంచి మూడో అంతస్తులోకి గడగడమంటూ వచ్చేసరికి స్పూనక్క చేతులు కడుక్కుని వార్డు గుమ్మంలో సిద్ధంగా ఉండేది. పద్నాలుగేళ్ళుగా అదే గుమ్మం, అదే గడగడ. తమంతట తాము తినలేని రోగులకు తినిపించడం ఆమె ఉద్యోగం. చేతులు పడిపోయినవాళ్ళు, వణుకుడు జబ్బువాళ్ళు, ఆపరేషనై కదలకూడనివాళ్ళు. వాళ్ళలో ఎవరు మొదట అన్నారో గానీ స్పూనక్క అన్న పేరు స్థిరపడిపోయింది. కన్నతల్లి పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు.

తినిపించడం చూసేవాళ్ళకి పనిలా కనబడదు. స్పూను నోట్లో పెట్టి తీయడమేగా అనుకుంటారు. కొత్తగా చేరిన నర్సులు కూడా అలాగే అనుకుని, రోగి చేత దుప్పటి నిండా జావ కక్కించి, అప్పుడు "అక్కా!" అంటూ పరిగెత్తుకొచ్చేవారు.

"ముందు కూర్చో," అనేది స్పూనక్క. "నువ్వు నిలబడి పెడితే, ఎక్కడ వెళ్ళిపోతావోనని వాళ్ళు కంగారుగా మింగుతారు. అరస్పూనే తీసుకో. పెట్టాక స్పూను వంక చూడకు, గొంతు వంక చూడు. ఆ ముద్ద దిగి, గొంతు మళ్ళీ మామూలయ్యేదాకా నీ చెయ్యి లేవకూడదు. మూతి చుట్టూ స్పూనుతో గీకకు, వాళ్ళేం పాలుతాగే పిల్లలు కాదు. మొహం అటు తిప్పేశారా, చాలని అర్థం. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని ప్రాణం తీయకు."

ఆరో మంచం మీద లెక్కల మాస్టారు ఉండేవారు. ఒక పక్క పడిపోయి మాట కూడా సగం నోటితోనే వచ్చేది. ఆ సగం నోటితోనే ఆయన ఒకసారి, "అమ్మాయ్, ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి మా ఆవిడ కూడా నాకింత మర్యాదగా పెట్టలేదు," అన్నారు.

"మీరామెకి ఎన్నిసార్లు పెట్టారు మాస్టారూ?" అంది స్పూనక్క.

మాస్టారు నోరు తెరిచి తరవాతి స్పూను అందుకున్నారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఓపికంతా ఆసుపత్రి గేటు దాకానే. సాయంత్రం అయిదూ నలభైకి ఇంటి తాళం తీసి అడుగు లోపల పెట్టగానే అమ్మ ఆకలి లేచేది.

అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. వాళ్ళ కుటుంబంలో మనిషి పోయినంత మాత్రాన ఆకలి పోదు. తీరవలసింది ఏదైనా మిగిలిపోతే అది కొన్నాళ్ళు ఇల్లంతా తిరిగి, అయినవాళ్ళలో ఒకరిని చూసుకుని వాళ్ళలో సర్దుకుంటుంది. తాతల ముక్కు ఒకరికి, కోపం ఒకరికి వచ్చినట్టే ఆకలీ ఎవరికో ఒకరికి వస్తుంది. పెదనాన్న ఆకలి ఆయన పెద్దకొడుక్కి వచ్చింది. నాలుగు గంటలయ్యేసరికి నాలిక మీద ఏదో ఒక పులుపు పడకపోతే, పోస్టాఫీసు కిటికీ ముందు నిలబడ్డవాళ్ళ మీద విరుచుకుపడేవాడు. పిల్లాజెల్లా లేని ఒక చినతాతయ్య ఆకలి, అయినవాళ్ళెవరూ కంటికి ఆనక, మేడ మీద అద్దెకున్న టైపిస్టుని పట్టుకుంది. జన్మలో గుడ్డు ముట్టని ఆ మనిషి తెల్లారేసరికి నాలుగు ఉడికించిన గుడ్లు తినేసి, కిందికొచ్చి అమ్మమ్మ దగ్గర భోరుమన్నాడట. అమ్మమ్మ అంతా విని, అయిదోది చేతిలో పెట్టి పంపిందట.

అమ్మ పోయినప్పుడు తమ్ముడు ఆమె కళ్ళజోడు అడిగి తీసుకున్నాడు. పిన్ని శాలువా తీసుకుంది. స్పూనక్క ఏమీ అడగలేదు. తొమ్మిదోరోజు సాయంత్రం వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ఆకలే ఆమెని వెతుక్కుంటూ వచ్చింది. భుజం మీద చెయ్యి వేసినట్టు వచ్చి, పొట్టలో ఓ మూల ఒదిగి కూర్చుంది. అమ్మదేనని ఇట్టే తెలిసిపోయింది. ఎవరికీ అడ్డం కాకుండా గోడవారగా ఉండే ఆ ఉండడం అమ్మది కాక ఇంకెవరిది?

"నిన్నే నమ్ముకుందన్నమాట," అంది పిన్ని, శాలువా అంచుతో కళ్ళొత్తుకుంటూ. "జాగ్రత్తగా చూసుకో తల్లీ."

ఆమె జాగ్రత్తగానే చూసుకుంది. అమ్మ ఎలా తినేదో అలాగే పెట్టింది. అమ్మ పొయ్యి పక్కన నిలబడి, అందరూ తిని లేచాక, గిన్నెల్లో మిగిలింది తినేది. అడుగంటింది గీక్కునేది. పిల్లలు కొరికి వదిలేసిన రొట్టె అంచులు నోట్లో వేసుకునేది. స్పూనక్క కూడా భుజాన సంచీ అయినా దించకుండా, వంటగట్టు ముందు నిలబడి, పొద్దుటి చద్దన్నం గిన్నెలోంచే తినేది. ఆ తరవాత డబ్బా అడుగున విరిగిన బిస్కెట్లు. కూతురు సగం తిని పెట్టిన, గోధుమరంగు తిరిగిన ఆపిల్ ముక్క. మూకుట్లో గడ్డకట్టిన బంగాళాదుంపల అడుగు. నాలుగు నిమిషాల్లో తన కడుపు నిండిపోయేది. అమ్మ ఆకలి మాత్రం అలాగే ఉండేది, ఇంకా ఎవరైనా తినాలేమో అన్నట్టు వెనక్కి వెనక్కి జరుగుతూ. దాన్ని అందుకోవాలని ఈమె ఇంకా తినేది. ఆయాసం వచ్చేదాకా తినేది. మళ్ళీ ఎనిమిదింటికి కూతురికి అనుమానం రాకుండా ఆమెతో కూర్చుని ఇంకో పూట తినేది.

భర్త లిఫ్టులు బిగించే మెకానిక్కు. నెలలో ఇరవై రోజులు ఊళ్ళ మీదే. వచ్చిన పది రోజులూ ఆయనకి ఇల్లు బాగానే కనబడేది.

మోకాళ్ళు నొప్పులంటే పరీక్షలు చేయించింది వార్డు డాక్టరమ్మ. కాగితాలు చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఇందులో మీ ఆకలెంత? మీ అమ్మగారిదెంత?"

స్పూనక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది. "నాది చూసి చాలా రోజులైందండీ," అంది చివరికి.

"మీదైతే నేను మందు రాయగలను, పథ్యం రాయగలను. ఆవిడది నా చేతిలో లేదు. కానీ ఒకటి. ఎవరు తిన్నారన్నది మీ ఒంట్లో చక్కెరకి తెలీదు. ఆవిడ తిన్నా మీ కళ్ళే పోతాయి, మీ మూత్రపిండాలే పోతాయి. ఇలాగే సాగితే నాలుగేళ్ళో అయిదేళ్ళో అంతే, ఆ పైన నేను మాటివ్వలేను."

తోడొచ్చిన కూతురు తలుపు దగ్గరే నిలబడి ఉంది. పదిహేడేళ్ళ పిల్ల, మాట పదును. ఇంట్లోకొచ్చి చెప్పులు విప్పుతూ అంది: "నువ్వు పోతే అది నాకే వస్తుందిగా?"

"ఏం మాటలే అవి, సాయంత్రం పూట!"

"అమ్మమ్మది, దాంతోపాటు నీది. రెండూ. నాకు అక్కాచెల్లెళ్ళు లేరు, అన్నదమ్ములు లేరు. పోనీ అంటే మేడ మీద టైపిస్టయినా లేడు."

స్పూనక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో కూతురి మణికట్టు కంటబడింది. ఎముక ఎప్పుడు అంత పైకి తేలింది? అప్పుడు గుర్తొచ్చాయి, ఈ మధ్య పిల్ల కంచంలో మిగిలిపోతున్నవన్నీ. మిగిలినవి మిగిలినట్టు తానే సాయంత్రాలు తినేస్తోంది గనక లెక్కలోకి రాలేదు.

"నువ్వెందుకే అలా కొంచెం కొంచెం తింటున్నావు?"

"అలవాటు చేసుకుంటున్నాను," అంది పిల్ల. "రేపు ముగ్గురు తినాలి కదా, ఈ ఒక్క నోటితో."

స్పూనక్క దేవుడి పటం ముందు నిలబడి, నన్ను ఏం చేసినా సరే ఈ పిల్ల జోలికి మాత్రం రానివ్వకు తండ్రీ అని దణ్ణం పెట్టుకుంది. మర్నాటి నుంచి వంటింటికి తాళం వేయించి, తాళంచెవి కూతురికిచ్చింది.

మొదటి రోజు గెలిచింది. బట్టలు మడతపెడుతూ ఎప్పటిదో పాట కూనిరాగం కూడా తీసింది. రెండో రోజు అమ్మ ఆకలి తాళం వేసిన తలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళింది. ఒక్క మాట అనలేదు. అమ్మ ఎప్పుడూ అనేది కాదు. అననందుకే స్పూనక్కకి ప్రాణం ఉసూరుమంది. మూడో రోజు బస్టాపు పక్క దుకాణంలో పెద్ద రొట్టె కొని, కాగితం పూర్తిగా విప్పకుండానే, జనం మధ్య నిలబడి మొత్తం తినేసింది. కళ్ళనీళ్ళకి రొట్టె మెత్తబడింది. కుళాయి దగ్గర మొహం కడుక్కుని ఇంటికెళ్ళింది. "ఇవాళ కూడా గెలిచావా?" అని కూతురడిగితే "ఊఁ" అంది. అమ్మని పస్తు పెడితే ఒక పాపం, పెడితే ఇంకో పాపం. అలా వారంలో మూడు రోజులు తేలిగ్గా, నాలుగు రోజులు బరువుగా గడుస్తూ వచ్చాయి. తేలికైన రోజుల్లో కూడా రేపటి బరువు ముందే తెలుస్తూ ఉండేది.

అలాంటి బరువు రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వార్డులో ఎవరో ఒలకబోసిన పళ్ళరసం మీద కాలుజారింది. కుడి మణికట్టు విరిగింది. ఎడమ చేతి రెండు వేళ్ళు మడతపడి వాచిపోయాయి. ఎముకల డాక్టరు కుడిచేతికి మోచెయ్యి దాకా పిండికట్టు వేశాడు, ఎడమచేతి వేళ్ళన్నీ కలిపి బద్దకి కట్టేశాడు. మూడు వారాలు రెండు చేతులతోనూ ఏమీ ముట్టుకోవద్దన్నాడు.

భర్త ఫోను చేసి, "రానా?" అన్నాడు.

"మీరు సగంలో వదిలేసొస్తే అక్కడ జనం అంతస్తుకీ అంతస్తుకీ మధ్య వేలాడతారు. వద్దులెండి, పిల్ల ఉందిగా," అంది.

పిల్ల ఉంది. మొదటి పూట వంటింట్లో గట్టు ముందు తల్లి ఎదురుగా నిలబడి, స్పూను నిండా అన్నం ఎత్తి, "ఊఁ, నోరు తెరువు," అంది. స్పూనక్కకి పొలమారింది. మెతుకులు పిల్ల మొహమ్మీద పడ్డాయి.

"బాబోయ్! ఇలాగేనా నువ్వు రోజూ తినేది?" అంది పిల్ల, చెంప తుడుచుకుంటూ. "కూర్చో. నాకు భుజం లాగేస్తోంది."

"ఇక్కడ కూర్చునేదేముంది, నాలుగు ముద్దలు పడేస్తే అయిపోయే దానికి."

"కూర్చోమ్మా!"

పిల్ల వెళ్ళి ముందుగదిలోంచి కుర్చీ లాక్కొచ్చింది, నేలంతా కీచుమనిపిస్తూ. తనకోసం ఇంకోటి తెచ్చుకుంది. స్పూనక్క కూర్చుంది. సొంత వంటింట్లో తానెప్పుడైనా కూర్చున్నానా అని వెతుక్కుంటే గుర్తు రాలేదు. కూర్చుంటే కిటికీ కనిపిస్తోంది, ఎదురింటివాళ్ళ తీగ మీద ఆరేసిన పిల్లోడి సాక్స్ కనిపిస్తున్నాయి.

"అరస్పూను," అంది మెల్లగా. "స్పూను వంక చూడకు. గొంతు వంక చూడు."

"అబ్బో, ఉద్యోగం మొదలైంది," అంది పిల్ల. కానీ గొంతు వంకే చూసింది. రెండో రోజుకి చెయ్యి కుదురుకుంది. మూడో రోజుకి, ముద్ద దిగేదాకా ఊపిరి బిగబట్టడం మానేసింది.

నాలుగోరోజు సాయంత్రం అయిదూ నలభైకి తల్లి మొహం మారడం పిల్ల చూసింది. ఇదివరకైతే ఆ సమయానికి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఇవాళ వెళ్ళడానికి లేదు; తల్లికి చేతుల్లేవు.

"వచ్చిందా?"

"వచ్చింది," అంది స్పూనక్క, తప్పు చేసినట్టు.

"ఏం కావాలిట?"

"ఏదైనా ఫర్వాలేదు. పొద్దుటిది మిగిలి ఉంటే అదే పెట్టు. లేదంటే ఆ డబ్బాలో విరిగిన..."

"అది నువ్వు చెప్తున్నావు. ఆవిణ్ణడుగు."

స్పూనక్క తెల్లబోయింది. పద్నాలుగేళ్ళుగా ఎంతమందిని ఆ మాట అడిగింది! దీన్ని మాత్రం ఎప్పుడూ అడగలేదు. కళ్ళు మూసుకుని, లోపలికి తిరిగి, అమ్మా నీకేం కావాలి అంది. ఏ జవాబూ రాలేదు. జవాబు వెతుక్కోవడానికి కూడా అలవాటు లేనట్టు అది బిత్తరపోయి నిలబడింది.

"ఏం చెప్పట్లేదే."

"సరే, నిలబడి ఎందుకు, కూర్చోమను," అంది పిల్ల, పక్కింటావిడ వచ్చినప్పుడు అనే గొంతుతోనే. పొయ్యి మీద అప్పుడే ఉడికిన అన్నం మూత తీసింది. ఇంకా ఎవరూ గరిటె పెట్టని గిన్నె. పైపై మెత్తటి అన్నం కంచంలోకి తీసి, పక్కన వేడి వేడి బఠాణీలు వేసి, ఆవిరి పోయేలా కాసేపు ఊదింది. తల్లికి ఎదురుగా కూర్చుని, "అమ్మమ్మా, ఇదిగో," అంటూ అరస్పూను ఎత్తింది.

మొదటి ముద్దకి అది నమ్మలేదు. రెండోదానికి తల ఎత్తింది. స్పూనక్కకి తెలుస్తూనే ఉంది, గోడవార నుంచి కదిలి నెమ్మదిగా, కుర్చీ అంచు మీద కూర్చున్నట్టు, లేవమంటే లేచిపోయేలా కూర్చుంది. పిల్ల తొందరపెట్టలేదు. ముద్ద దిగేది, గొంతు మామూలయ్యేది, అప్పుడు ఇంకో అరస్పూను. కంచంలో సగానికొచ్చేసరికి ఆకలి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఇంకో మూడు స్పూన్లకి, స్పూనక్క ప్రమేయం లేకుండానే ఆమె మొహం నిదానంగా కిటికీ వైపు తిరిగింది.

పిల్ల స్పూను కంచంలో పెట్టేసింది.

"చాలా అమ్మమ్మా?"

చాలు అన్న మాట లోపల ఎక్కడో అమ్మ గొంతులో వినబడింది. నలభై మూడేళ్ళలో అమ్మ నోట ఆ మాట తిండి గురించి స్పూనక్క విననేలేదు. అన్నం అయిపోయింది అనేది, నాకు అక్కర్లేదు అనేది, మీరు తినండి అనేది. చాలు అనలేదు. రెండు చేతులూ కట్లలో ఉండడంతో కళ్ళు తుడుచుకోలేక ఆమె అలాగే ఏడ్చింది. పిల్ల తన చొక్కా అంచుతో తుడిచింది.

పదోరోజున పిన్ని చూడ్డానికొచ్చింది. వేళ అదే అయింది. వంటింటి గుమ్మంలో ఆగి, కుర్చీలో కూర్చున్న అక్కకూతుర్ని, ఎదురుగా స్పూనుతో పిల్లని, మధ్యలో ఆవిర్లు కక్కుతున్న కంచాన్ని చూసింది.

"ఎవరు తింటున్నారు?"

"అమ్మమ్మ," అంది పిల్ల.

పిన్ని చేతిసంచీ కింద పెట్టేసి గుమ్మంలోనే చతికిలబడింది. "మా అక్క కూర్చుని తినడం నేను చూడలేదమ్మా. ఏడుగురం మేము. అది పెద్దది. మాకు పెట్టీ పెట్టీ..." అని కంచం వంక చూసింది. "అసలు దానికి మా అమ్మ ఆకలి కూడా వచ్చింది, తెలుసా? ఎవరికీ చెప్పొద్దంది నాతో. మా అమ్మలో ఆవిడ అత్తగారిది ఉండేదట. ఆపైన ఎవరెవరున్నారో ఆ భగవంతుడికే తెలియాలి."

పిల్ల స్పూను గాల్లోనే ఆగిపోయింది. "అయితే ఇప్పుడు ఇక్కడ ఎంతమంది తింటున్నట్టు?"

"లెక్కలెందుకే. నువ్వు పెడుతూ ఉండు," అంది పిన్ని. ఎవరూ అడక్కుండానే స్పూనక్క వైపు తిరిగి అంది: "జాగ్రత్తగా చూసుకో అన్నానే నీతో, ఆ రోజు. ఎలా చూసుకోవాలో నాకూ తెలీదే తల్లీ. అది నిలబడి తినేది గనక నిలబడడమే దానికిష్టం అనుకున్నాం అందరం."

ఆ తరవాత ఆకలి రోజూ వేళకే వచ్చేది గానీ, తొందర ఉండేది కాదు. ఒకరోజు పదిహేను స్పూన్లు, ఒకరోజు తొమ్మిది. ఒకరోజు ఊరికే వచ్చి, కిటికీలోంచి ఎదురింటి తీగ మీది బట్టలు చూసి వెళ్ళింది. పంతొమ్మిదోరోజు అయిదూ నలభై అయింది, ఆరయింది. పిల్ల అన్నం దింపి, కుర్చీ లాగి, స్పూను పట్టుకుని ఎదురుచూసింది. ఏడయినా రాలేదు.

"వెళ్ళిపోయినట్టుంది," అంది పిల్ల, చాలా మెల్లగా.

మూడు వారాలు నిండగానే కట్లు విప్పారు. వార్డు డాక్టరమ్మ పాత పరీక్షల కాగితం మీద మీ అమ్మగారిది అని రాసుకున్నచోట కొట్టివేత గీత గీసి, మీది అన్నచోట ఖాళీ వదిలింది. "ఇక మన పని మొదలు," అంది.

సంతోషించవలసిన మాటే. అమ్మమ్మ ఆకలి పిల్లకి ఇంక రాదు. స్పూనక్క దేవుడికి దణ్ణం పెట్టుకుంది కూడా. కానీ చేతులొచ్చిన మూడోరోజు సాయంత్రం తలుపు తీసి లోపలికొచ్చేసరికి ఇల్లు బోసిగా అనిపించింది. నాలుగేళ్ళుగా ఆ వేళకి అమ్మ ఉండేది. ఏ రూపంలోనైతేనేం, ఉండేది. ఇప్పుడు పొట్టలో ఆ మూల ఖాళీ. అమ్మ ఇంకోసారి పోయినట్టే ఉంది, ఈసారి తలుపు దగ్గరగా వేసి మరీ.

భుజాన సంచీ దించలేదు. ఇప్పుడు తాళం లేని వంటింట్లో గట్టు దగ్గరకి వెళ్ళి, చద్దన్నం గిన్నె ముందుకు లాక్కుని, గుప్పిళ్ళతో తింది. రొట్టె అంచులు వెతికి వెతికి నోట్లో కుక్కుకుంది. అమ్మకిష్టమని కాదు, ఇదైతే అమ్మకి గుర్తుండే దారి అని. అమ్మా, రా. ఇదిగో చూడు, నిలబడే ఉన్నాను. అందరూ తినేశారు, ఇది మిగిలింది, రా అమ్మా.

ఎవరూ రాలేదు. కడుపునొప్పి మాత్రం వచ్చింది.

చాలాసేపటికి వెనక అలికిడి. కూతురు ఎప్పట్నుంచి నిలబడి ఉందో. కోప్పడుతుందనుకుంది స్పూనక్క. పిల్ల దగ్గరకొచ్చి, తల్లి భుజం మీది సంచీ తీసి మేకుకి తగిలించింది. తల్లి చేతులు రెండూ కుళాయి కింద పెట్టి కడిగింది, వేళ్ళ సందుల్లో మెతుకులు కూడా పోయేలా.

"ఆవిడ రాదమ్మా. తిని, చాలని చెప్పి వెళ్ళింది. తిన్నవాళ్ళని మళ్ళీ మళ్ళీ పిలవకూడదు. ఏదో తక్కువ చేశామేమోనని వాళ్ళే బాధపడతారు."

స్పూనక్క పిల్ల మొహంలోకి చూసింది. ఇంత పెద్దమాట ఎక్కణ్ణుంచి వచ్చిందో దీనికి.

"ఇప్పుడింత తినేశానే," అంది సిగ్గుగా.

"తింటే తిన్నావు. నిన్నేమైనా ఉరి తీస్తారా? ఇవాళ్టికి నువ్వు ఊరికే కూర్చో. నాకు ఆకలేస్తోంది."

ఆ మాట విని స్పూనక్క గబుక్కున తలెత్తింది. "నీదేనా?"

"నాదే," అంది పిల్ల. "పొద్దున్న కెమిస్ట్రీ క్లాసులో కూడా వచ్చింది. అందరికీ వినబడింది. పరువు పోయింది."

రెండు గుడ్లు ఉడకబెట్టుకుని, రొట్టె కాల్చుకుని తింది. తిన్నాక గిన్నె వంక చూసి, ఇంకో గుడ్డు పెట్టుకుంది. తల్లి ఎదురుగా కూర్చుని, స్పూను లేకపోయినా అలవాటు కొద్దీ ఆ గొంతు వంకే చూస్తూ ఉండిపోయింది. ప్రతి ముద్దా దిగింది.

తరవాత ఎన్ని రోజులకో. వార్డులో ఉదయం పలహారాలు అయిపోయాయి. పదకొండు దాటింది. స్పూనక్క కొత్త రోగికి నీళ్ళు తాగించి లేస్తుంటే కడుపులో చిన్న శబ్దం అయింది. తలుపు గొళ్ళెం ఎవరో వేలితో తట్టినట్టు.

ఆరో మంచం మీంచి మాస్టారు ఇటు తిరిగారు. "ఎవరిది?"

ఆమె నిలబడి విన్నది. అమ్మది కాదు. అమ్మమ్మది కాదు. ఇంత సన్నగా, ఇంత కొత్తగా ఉన్నదాన్ని ఎక్కడా విన్నట్టు లేదు.

"నాదేననుకుంటా మాస్టారూ."

"అయితే ఇక్కడేం చేస్తున్నావు?" అన్నారు మాస్టారు, సగం నోటితో, పూర్తి మాస్టారు గొంతుతో.

స్పూనక్క కిందికి దిగి కాంటీనుకి వెళ్ళింది. పద్నాలుగేళ్ళుగా అక్కడ ఆమె అన్న మాట ఒకటే, ఏదుంటే అదివ్వు అని. అందుకని కాంటీను నడిపే, అందరూ వదిన అని పిలిచే ఆవిడ ఈమెని చూడగానే చేతికందిన పళ్ళెం తీయబోయింది.

"ఆగు వదినా," అంది స్పూనక్క.

గట్టు మీద గుడ్లున్నాయి, కాల్చిన రొట్టె ఉంది, అరటిపళ్ళు, తరిగిన దోసకాయ ముక్కలు, మూతపెట్టిన సూపు గిన్నె ఉన్నాయి. ఆమె ఒక్కొక్కదాని ముందూ ఆగింది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. మళ్ళీ మొదటిదాని దగ్గరికొచ్చింది. వెనక వరస పెరిగింది.

"అక్కా, కాస్త తెమలండి," అన్నాడు వెనక నుంచి ఎక్స్‌రే గది అతను. "పైన మనిషిని ఊపిరి బిగబట్టమని చెప్పి వచ్చాను."

అందరూ నవ్వారు. స్పూనక్క కూడా నవ్వింది గానీ కదల్లేదు. "ఏం చెయ్యను నాయనా, దీన్ని ఇంతవరకూ ఎవరూ ఏం కావాలని అడగలేదు. సిగ్గుపడుతోంది."

వదిన గరిటె కింద పెట్టింది. మోచేతులు రెండూ గట్టు మీద ఆనించి, ముందుకు వంగింది.

"తొందరేం లేదు," అంది. "సూపు ఇప్పుడే దింపాను."